దాణాలో మూలికలు: కొలత తెలిస్తే కొలువు

వాములోని థైమాల్, లవంగంలోని యూజినాల్, దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్, పసుపులోని కర్క్యుమిన్... వంటింటికి ఘుమఘుమలనిచ్చే ఈ పదార్థాలు కోళ్ల దాణాలోకీ, రొయ్యల మేతలోకీ, పాడి పశువుల మినరల్ మిక్స్‌లోకీ ఎప్పుడో చేరిపోయాయి. పరిశ్రమ వీటిని ఫైటోజెనిక్స్ అంటుంది. వెటర్నరీ, ఫిషరీస్, కెమిస్ట్రీ, ఫార్మసీ చదివినవారికి ఇక్కడ మంచి అవకాశాలున్నాయి. అయితే ఇటు రావాలనుకునేవారు ముందే ఒక సంగతి తేల్చుకోవాలి. ‘మొక్కల నుంచి వచ్చింది కాబట్టి మంచిదే’ అని చెప్పి డబ్బా అమ్మడం ఎవరైనా చేయగల పని. ఆ డబ్బాలో అసలు పదార్థం ఎంతుంది, దాణా మిల్లు దాటాక ఎంత మిగిలింది, దాంతో కోడికి, రైతుకు ఒరిగిందేమిటి అని కొలిచి చెప్పడం మాత్రం చదువుతోనే వచ్చే విద్య. నిలకడైన కెరీర్ ఉన్నది ఈ రెండో దారిలోనే.

గిరాకీ ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఈ మాట అర్థమవుతుంది. జబ్బు లేకపోయినా త్వరగా బరువు పెరగాలని దాణాలో కొద్దికొద్దిగా యాంటీబయాటిక్స్ కలపడం ఒకప్పుడు ప్రపంచమంతా ఉన్న అలవాటు. దానివల్ల మందులకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతోందని తేలాక స్వీడన్ 1986లోనే దాన్ని ఆపేసింది. యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి, చైనా 2020 నుంచి అదే బాట పట్టాయి. మన దేశం 2019లో ఆహార పశువులకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని నిషేధించింది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానంలో, రొయ్యల సాగులో అందరికంటే ముందున్న ఆంధ్రప్రదేశ్‌కు ఇది ఎక్కడో జరిగే వ్యవహారం కాదు. రొయ్యల్లో నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ వంటి యాంటీబయాటిక్స్ అవశేషాలు బయటపడితే సరకు ఓడరేవు నుంచే వెనక్కి వస్తుంది. బరువు కోసం యాంటీబయాటిక్స్ వాడిన పశువుల ఉత్పత్తులను విదేశాల నుంచి కూడా తీసుకోబోమని, 2026 సెప్టెంబర్ నుంచి ఆ నిబంధన వర్తిస్తుందని యూరప్ ప్రకటించింది. నిబంధనలు బిగుస్తున్న కొద్దీ ప్రత్యామ్నాయాలు అడిగేవారు పెరుగుతారు, ఆ ప్రత్యామ్నాయాలకు రుజువులు అడిగేవారూ పెరుగుతారు.

పనిచేస్తాయా?

ఈ రంగంపై వినిపించే మొదటి అభ్యంతరం బలమైనదే. ఒక ఫారంలో పనిచేసిన మూలిక పక్క ఫారంలో పనిచేయదని రైతులే అంటారు. నిజమే, కారణాలు కూడా తెలిసినవే. వాము నూనెలో థైమాల్ 35 నుంచి 60 శాతం దాకా మారుతుంది. పసుపులో కర్క్యుమిన్ ఒక రకంలో 2 శాతం ఉంటే మరో రకంలో 6 శాతం దాకా ఉండొచ్చు. వెల్లుల్లి రెబ్బ చెక్కుచెదరకుండా ఉన్నంతసేపు అందులో అల్లిసిన్ తయారే కాదు, నలిగినప్పుడే పుడుతుంది. పైగా పెల్లెట్ దాణా తయారీలో 80 డిగ్రీలు దాటిన ఆవిరి తగులుతుంది. సుగంధ తైలాలు ఆ వేడికి కొంత ఎగిరిపోతాయి. అందుకే వాటికి పూత పూసి చిన్న గుళికలుగా మార్చే మైక్రోఎన్‌క్యాప్సులేషన్ పద్ధతి వచ్చింది. ఇలాంటప్పుడు ‘మా ఉత్పత్తిలో వాము ఉంది’ అన్న మాటకు విలువేముంది? టన్ను దాణాకు థైమాల్ ఎన్ని గ్రాములు చేరిందో హెచ్‌పీఎల్‌సీ లేదా జీసీ-ఎంఎస్ యంత్రం మీద చూపాలి. ఫలితాల్లో నిలకడ లేదన్న ఫిర్యాదు వల్లే ఈ రంగంలో అనలిటికల్ కెమిస్ట్‌కు పని ఉంది.

రెండో కొలత ఫారంలో జరగాలి. 10,000 బ్రాయిలర్లున్న షెడ్డును ఊహించుకోండి. ఒక్కోటి 2 కిలోలు తూగింది. కిలో బరువుకు 1.65 కిలోల దాణా పట్టేది, మూలికల మిశ్రమం కలిపాక 1.60కి తగ్గిందనుకుందాం. 33 టన్నులు తినాల్సినవి 32 టన్నులే తిన్నాయి. దాణా కిలో 40 రూపాయలు అనుకుంటే 40,000 రూపాయలు మిగిలాయి. మిశ్రమానికి టన్నుకు 300 రూపాయల చొప్పున 9,600 అయింది. లెక్క లాభసాటిగా కనిపిస్తోంది. కానీ ఏ మందూ కలపకపోయినా రెండు షెడ్ల మధ్య 0.05 తేడా రావడం మామూలే. కంట్రోల్ గ్రూపు లేకుండా, కోళ్లను చిన్న గుంపులుగా విడదీసి పలుమార్లు పరీక్షించకుండా ఈ తేడా మూలికదా, వాతావరణానిదా అని ఎవరూ చెప్పలేరు. ట్రయల్ రూపకల్పన, గణాంక విశ్లేషణ తెలిసిన న్యూట్రిషనిస్ట్‌కు ఫీడ్ కంపెనీల్లో గౌరవం దక్కేది ఇక్కడే. కోళ్ల పెంపకం ఖర్చులో మూడింట రెండు వంతులు దాణాదే కాబట్టి రెండో దశాంశ స్థానం కూడా అక్కడ డబ్బే.

సహజమైతే సురక్షితమా?

జొన్న లేతగా ఉన్నప్పుడు, వానలు లేక వాడినప్పుడు మేపితే పశువు సైనైడ్ విషంతో పడిపోతుందని మన రైతులకు తెలుసు. అది ఏ ఫ్యాక్టరీ రసాయనమూ కాదు. పత్తి చెక్కలోని గాసిపాల్ నెమరు వేయని కోళ్లకు, పందులకు హాని చేస్తుంది. సుబాబుల్ ఆకులోని మైమోసిన్ వల్ల పశువుల వెంట్రుకలు రాలతాయి. అయితే ఆ విషాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవులు హవాయి మేకల పొట్టలో ఉన్నాయని, వాటిని ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించి అదే ఆకును నిశ్చింతగా మేపవచ్చని రేమండ్ జోన్స్ బృందం 1980ల్లో నిరూపించింది. టానిన్లు ఎక్కువైతే మాంసకృత్తులు ఒంటపట్టవు. తగు మోతాదులో అవే మేలు చేస్తాయి. బెంగళూరులోని జాతీయ పశు పోషణ సంస్థ టానిన్లున్న మొక్కలతో రూపొందించిన ‘హరిత్ ధార’ పశువుల మీథేన్‌ను 17 నుంచి 20 శాతం తగ్గిస్తుందని ప్రకటించింది. మందుకూ విషానికీ మధ్య ఉన్నది మోతాదే. ఏ జంతువుకు ఏది సరిపడుతుందో తెలియడమూ అంతే ముఖ్యం. మిరప ఘాటు క్షీరదాలను మండిస్తుంది గానీ పక్షులకు తగలదు. అందుకే గుడ్డు సొనకు నారింజ రంగు రావడానికి లేయర్ కోళ్ల దాణాలో మిరప రంగును నిర్భయంగా కలుపుతారు.

మరో అభ్యంతరం: యాంటీబయాటిక్ చవక, ఫలితం ఖాయం, మూలికలు దాని స్థానాన్ని భర్తీ చేయగలవా? మూలికలు ఒంటరిగా భర్తీ చేయలేవు. డెన్మార్క్ 1999 నాటికి దాణా యాంటీబయాటిక్స్ ఆపేశాక పాలు మాన్పించిన పందిపిల్లల్లో విరేచనాలు పెరిగాయి, చికిత్సకు మందుల వాడకమూ కొంత పెరిగింది. అయినా మొత్తం వాడకం మునుపటికంటే బాగా తగ్గింది. బ్రాయిలర్ల దిగుబడి పెద్దగా దెబ్బతినలేదు. షెడ్డు శుభ్రత, పొడి లిట్టర్, మంచి నీరు, టీకాలు సరిగా ఉన్నచోటే ఫైటోజెనిక్స్ రాణిస్తాయి. ఈ నిజాన్ని దాచకుండా రైతుకు చెప్పగల టెక్నికల్ సర్వీస్ ఎగ్జిక్యూటివ్‌నే రైతు రెండో బ్యాచ్‌కు పిలుస్తాడు.

ఎలా వెళ్లాలి?

వెటర్నరీ దారిలో నీట్ ర్యాంకుతో బీవీఎస్సీ ఉంటుంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర, రాజేంద్రనగర్‌లోని పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయాలు అందిస్తున్నాయి. తర్వాత యానిమల్ న్యూట్రిషన్‌లో ఎంవీఎస్సీ చేస్తే ఫార్ములేషన్, ట్రయల్స్ విభాగాలు తెరుచుకుంటాయి. రొయ్యల మేత వైపు వెళ్లేవారికి బీఎఫ్‌ఎస్సీ అనువైనది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఫార్మకాగ్నసీతో ఎంఫార్మసీ చేసినవారికి మూలికా సారాల కంపెనీల ల్యాబ్‌లు, క్వాలిటీ విభాగాలు ఉన్నాయి. పరిశోధన ఇష్టమైతే రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన సంస్థ, చెన్నైలోని ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ (సీబా) వంటివి చూడాలి. పశుసంవర్ధక డిప్లొమా చదివినవారికి ఫారం సూపర్‌విజన్, ఫీల్డ్ ట్రయల్స్ పనులు దగ్గరగా ఉంటాయి.

రంగం మరీ ఇరుకేమో, రేపు ఈ మోజు తగ్గితే ఎలా అని సందేహించేవారూ ఉంటారు. డబ్బా అమ్మడమే నేర్చుకున్నవారికి ఆ భయం సహజమే. హెచ్‌పీఎల్‌సీ నడపడం, దాణా ఫార్ములా కట్టడం, ట్రయల్ లెక్క తేల్చడం తెలిసినవారికి ఫార్మా, న్యూట్రాస్యూటికల్, ఆహార పరీక్షా ల్యాబ్‌లలో కూడా చోటుంటుంది. అందుకే చివరి సంవత్సరం ప్రాజెక్టును తేలిగ్గా తీసుకోకండి. బజారులో దొరికే నాలుగైదు రకాల వామునో పసుపునో తెచ్చి, వాటిలో అసలు పదార్థం ఎంతుందో, దాణా వేడికి ఎంత మిగులుతుందో కొలిచి పట్టిక వేయండి. ఇంటర్వ్యూ బల్ల మీద సర్టిఫికెట్ల పక్కన ఆ పట్టిక పెడితే మీరేం చేయగలరో వేరే చెప్పనక్కర్లేదు.