నిత్యవిద్యార్థిని

విద్యకు అంతము లేదని పెద్దలు చెప్పుదురు. కంప్యూటరునకు ప్రోగ్రాములు వ్రాయువారికి ఈ మాట నిత్యానుభవము. ఆ వృత్తిలో తెలిసిన విద్యకంటె తెలిసికొనవలెనను తలంపే మిన్న. డోరతీ వాన్ అను అమెరికా వనిత జీవితము ఇందుకు చక్కని నిదర్శనము.

డోరతీ 1910 లో మిస్సోరి రాష్ట్రమందలి కాన్సాస్ నగరమున ఒక నల్లజాతి కుటుంబమున జన్మించెను. చదువు ముగించి, వర్జీనియా రాష్ట్రమున గణితము బోధించెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1943 లో, హాంప్టన్ పట్టణమందలి లాంగ్లీ విమాన పరిశోధనాలయమున చేరెను. పరిశోధనలకు వలసిన లెక్కలను ఆ దినములలో అచ్చటి స్త్రీలు చేతితోను, చిన్న లెక్కయంత్రముల సాయముతోను చేసెడివారు. ‘కంప్యూటర్’ అను పేరు అట్లు లెక్కించు మనుష్యులకు చెల్లుచుండెను. నల్లజాతి స్త్రీలకు పనిచేయు గది వేరు. భోజనపు బల్లయు వేరు. 1949 లో డోరతీ వారి విభాగమునకు పెద్ద అయ్యెను. ఆ సంస్థలో అట్టి పదవి నందిన తొలి నల్లజాతి వ్యక్తి ఆమెయే.

1958 లో ఆ సంస్థ ‘నాసా’గా మారెను. జాతిభేదముతో ఏర్పడిన ఆ వేరు విభాగము రద్దయ్యెను. దానితో డోరతీ పెద్దరికమును పోయెను. మరియొకవైపు, మనుష్యులు దినముల తరబడి చేయు లెక్కలను ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు స్వల్పకాలములో చేయజొచ్చెను. చేతిలెక్కల కొలువులకు కాలము చెల్లుచుండెను. యంత్రమును నిందించుచు కూర్చుండుట ఒక మార్గము. యంత్రమునకు పని చెప్ప నేర్చుట మరియొక మార్గము. ఏబదియేండ్ల ప్రాయము సమీపించుచున్నను డోరతీ రెండవదానినే ఎన్నుకొనెను. 1957 లో వెలువడిన ఫోర్ట్రాన్ అను ప్రోగ్రామింగు భాషను తాను నేర్చి, తోడివారికిని నేర్పెను.

ఆ విద్య సులభమైనది కాదు. ప్రోగ్రాములోని ఒక్కొక్క పంక్తిని అట్టకార్డుపై రంధ్రములుగా పొడిచి యంత్రమునకు అందింపవలెను. యంత్రము చెప్పినది చేయును గాని, మనసులోనున్నది గ్రహింపదు. ఒక్క గుర్తు తప్పినను లెక్క యంతయు చెడవచ్చును. ‘నాకు తెలియనిదా?’ అనువారు ఆ తప్పును యంత్రమున వెదకుదురు. నేర్చుకొనగోరువారు మొదట తమ వ్రాతలోనే వెదకుదురు. పలువురు కలిసి చేయు పనిలో ఒకరు దాచిన తప్పు అందరి శ్రమను వ్యర్థము చేయును. అందుచేత అడుగుటకు సిగ్గుపడనివారు, దిద్దినపుడు కోపింపనివారు అట్టి పనికి మిక్కిలి అవసరము.

డోరతీ ఫోర్ట్రాన్ యందు నిపుణురాలై, స్కౌట్ రాకెట్టు కార్యక్రమమునకు తోడ్పడెను. మరియొక అధికారపదవిని కోరినను ఆమెకు లభింపలేదు. అయినను 1971 లో విరమించువరకు అచ్చటనే పనిచేసెను. ఆమె 2008 లో మరణించెను. 2019 లో అమెరికా శాసనసభ ఆమె స్మృతికి స్వర్ణపతకమును ప్రకటించెను.

ఫోర్ట్రాన్ తరువాత ఎన్నియో ప్రోగ్రామింగు భాషలు పుట్టినవి. నేటి బాలబాలికలు నేర్చు భాషయు ఒకనాడు పాతబడును. తెలియదని ఒప్పుకొని మరల పలక పట్టగలవారికి ఆనాడు భయముండదు.