చార్మినార్ చుట్టూ ఒక పాఠం

పాతబస్తీ చూపించడానికి పిల్లలను తీసుకెళ్లే ముందు మేము ఒక ప్రశ్న అడుగుతాం: "కొత్తగా ఒక నగరం కట్టాలంటే మీరు ఏమేం కడతారు?" రాజభవనం, కోట, బజారు అని చేతులెత్తుతారు. ఆసుపత్రి అని చెప్పేవారు అరుదు. ఆ జవాబు చార్మినార్ చుట్టుపక్కల వీధుల్లోనే దొరుకుతుంది.

గోల్కొండ కోటలో జనం కిక్కిరిశారు, నీటికి కటకట వచ్చింది. అప్పటికే ఇబ్రహీం కుతుబ్ షా 1578లో మూసీ నదిపై వంతెన కట్టించారు. అదే నేటి పురానాపూల్. ఆయన కుమారుడు ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో నదికి దక్షిణపు ఒడ్డున హైదరాబాద్‌కు పునాది వేశారు. నగర రూపకల్పనలో ప్రధాన పాత్ర ఆయన పేష్వా, ఇరాన్ నుంచి వచ్చిన పండితుడు మీర్ మోమిన్ అస్త్రాబాదీది.

గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే వర్తకుల బాట మీద నాలుగు దారుల కూడలి ఏర్పరచి, నడుమ చార్మినార్ నిలిపారు. రాయి, సున్నం, గచ్చుపనితో కట్టిన ఈ కట్టడానికి నాలుగు దిక్కులా నాలుగు పెద్ద కమానులు. పై అంతస్తులో మసీదు ఉంది. 149 మెట్లెక్కితే పైకి చేరవచ్చు. కాస్త ఉత్తరాన చార్ కమాన్, వాటి మధ్య గుల్జార్ హౌజ్ నీటి తొట్టి.

1595లో అదే రాజు దారుల్ షిఫా కట్టించారు. షిఫా అంటే స్వస్థత. నడుమ విశాలమైన ముంగిలి, చుట్టూ రెండంతస్తుల గదులు. హకీములు అక్కడ యునానీ వైద్యం చేసేవారు, శిష్యులకు నేర్పేవారు. నగరం పుట్టిన నాలుగేళ్లకే వైద్యశాల, వైద్య విద్యాలయం రెండూ ఒకే కప్పు కింద వెలిశాయన్నమాట.

ఇక మక్కా మసీదు. ముహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టిన ఆ నిర్మాణం 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. 70 ఏళ్లకు పైగా పట్టింది. మొదలుపెట్టినవారు దాన్ని పూర్తిగా చూడలేదు. అయినా పని ఆగలేదు. నేటికీ అక్కడ నమాజు జరుగుతోంది, జనం వస్తున్నారు, కట్టడం నిలిచి ఉంది.

దారుల్ షిఫా మాటో? వైద్యం ఆగిపోయింది, ఆలనాపాలనా తగ్గింది. గోడలు శిథిలమయ్యాయి, చాలా భాగం రూపు మారింది. ఆ పేటకు మాత్రం పేరు మిగిలింది. అక్కడికి కూతవేటు దూరంలోని సాలార్ జంగ్ మ్యూజియం చూసి వెళ్లేవారిలో ఎందరో ఆ పేరు వెనుక ఆసుపత్రి ఉందని ఎరుగరు. మా పిల్లల్లో ఒకమ్మాయి ఆ గోడల ముందు నిలబడి, "సార్, ఇంత మంచి పని ఎందుకు ఆగిపోయింది?" అని అడిగింది. పాఠ్యపుస్తకంలో లేని ఆ ప్రశ్నకు మేము వెంటనే బదులు చెప్పలేకపోయాం.

ఇప్పుడు చెప్పగలం. కట్టడానికి ఒక్కసారి ఇస్తే చాలు, నడపడానికి ఏటేటా ఇవ్వాలి. తరగతి గదికి పునాదిరాయి వేసేవారు ఎంత అవసరమో, పదేళ్ల తర్వాత దాని కప్పు బాగు చేయించేవారూ అంతే అవసరం. శిలాఫలకం మీద పేరు ఉండేది మొదటివారిదే. గోడను నిలబెట్టేది రెండోవారు.

దాతలైన పెద్దలకు మా మనవి ఒక్కటే. ఈసారి చార్మినార్‌కు వెళ్లినప్పుడు లాడ్ బజారులో గాజులు కొన్నాక, పిల్లలను దారుల్ షిఫా దాకా నడిపించండి. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నను వాళ్లనూ అడగనివ్వండి.