పాత చెక్క పడవకు ఫైబర్ పూత వేయించవచ్చా?

ప్రశ్న: మాది పుదుచ్చేరి, వైతికుప్పం. తాతగారి చెక్క పడవ ఏళ్లుగా ఒడ్డునే ఉంది. పలకల మధ్య సందులు పడ్డాయి. పైన ఫైబర్ పూత వేయించమంటున్నారు. వేయించమంటారా?

జవాబు: వద్దండి. చెక్క తడికి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఫైబర్ అలా కదలదు. పూత ఊడి, లోపలికి చేరిన వాననీరు బయటికి పోలేక పలకలు కుళ్లుతాయి.

ముందు చాకుమొనతో అడుగుభాగాన్నీ మేకుల చుట్టూతానూ పొడిచి చూడండి. సులువుగా దిగిందంటే ఆ చెక్క పోయినట్టే. గట్టి చెక్క తగిలేదాకా కోయించి, అదే జాతి కలపతో అతుకు వేయించండి. తుప్పుపట్టిన ఇనుప మేకులు కొన్ని ఉంచి పక్కన రాగివి కొట్టించకండి. రాగి తోడైతే ఉప్పునీటిలో ఇనుము ఇంకా వేగంగా తుప్పుపట్టిపోతుంది.

సందుల్లో వెంటనే దూది కుక్కకండి, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. పొడి చెక్క సందులో గట్టిగా దట్టిస్తే, పడవ నీళ్లలో ఉబ్బినప్పుడు పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుని మేకులు లాగేస్తాయి. కొన్ని రోజులు గోనెపట్టాలు కప్పి సముద్రపు నీటితో తడపండి. చాలా సందులు వాటంతటవే మూసుకుంటాయి. మిగిలినవాటిలో దూది పెట్టి, నూనెలో కరిగించిన గుగ్గిలం పూయించండి. మంచినీటి తేమలో పెరిగే కుళ్లు ఉప్పులో అంతగా పెరగదు. అందుకే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానకు గాలాడే తాటాకు పందిరి వేయండి, ప్లాస్టిక్ పట్టా కాదు.

పలకలు కొబ్బరితాడుతో కుట్టి ఉంటే మాత్రం ఒక్క మేకూ కొట్టనివ్వకండి. ఓడరేవులు లేని రోజుల్లో ఈ తీరంలో ఓడల నుంచి మనుషుల్ని, సరుకుల్ని దించిన మసూలా పడవలు ఆ కుట్టు వల్ల వచ్చే వంగే గుణంతోనే అలలను తట్టుకున్నాయి. పనివాళ్ల కోసం యానాం పక్కనున్న తాళ్లరేవులో విచారించండి. చెక్క పడవల తయారీకి అది పాత పేరున్న ఊరు.