తూర్పు కనుమలలో లోయవంతెనలు

విజయనగరం జిల్లాలోని శృంగవరపుకోట దాటి అరకులోయకు వెళ్ళే యాత్రికులు టైడాలోని పర్యాటకశాఖ కుటీరాలలో విడిది చేయడం పరిపాటి. ఆ ప్రాంతపు కొండల నడుమ ఎత్తైన స్తంభాలపై నిలిచిన రైలు వంతెనలను చూసి ముచ్చటపడనివారు లేరు. అవి అక్కడ ఎందుకు అవసరమయ్యాయో ఆలోచించేవారు మాత్రం అరుదు.

నీటి ప్రవాహాన్ని దాటించేది సామాన్య వంతెన. ఒక కొండ నుండి వేరొక కొండకు లోయమీదుగా మార్గాన్ని అందించేది లోయవంతెన. దీనినే వయాడక్టు అంటారు.

బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేయడానికి 1960లో ఒప్పందం కుదిరింది. ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చడానికి ఆ దశాబ్దంలోనే కొత్తవలస – కిరండూల్ రైలుమార్గం నిర్మించారు. సుమారు 445 కిలోమీటర్ల ఈ మార్గంలో 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు ఉన్నాయి. 1976లో విశాఖ వెలుపలి రేవు ప్రారంభం కావడంతో పెద్ద ఓడలకు ఖనిజం ఎత్తే వీలు కలిగింది.

ఇనుప పట్టాలపై ఇనుప చక్రానికి పట్టు తక్కువ. అందువల్ల రైలు నిటారు వాలును ఎక్కలేదు. ఈ కనుమలో వాలును 60కి 1గా నిర్ణయించారు. అనగా 60 మీటర్ల దూరం సాగితే ఒక మీటరు ఎత్తు. ఆ లెక్కన 900 మీటర్లు ఎక్కడానికి 54 కిలోమీటర్ల దారి కావాలి. బొడ్డవర నుండి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ వరకు మార్గం మెలికలు తిరగడానికి ఇదే కారణం. కొండ అడ్డువస్తే సొరంగం, లోయ అడ్డువస్తే వంతెన. 2008లో కాశ్మీరులోయలో రైలు నడిచేవరకు దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లలో శిమిలిగూడయే అత్యున్నతమైనదిగా ప్రసిద్ధి పొందింది.

ఖనిజంతో నిండిన బండ్లు ఇదే వాలున దిగివస్తాయి. కనుక ఎక్కడంకంటె దిగడంలోనే ఎక్కువ జాగరూకత అవసరం. 2017 అక్టోబరులో చిమిడిపల్లి – బొర్రాగుహల మధ్య కొండచరియ విరిగిపడి ఒక వంతెన దెబ్బతినగా రాకపోకలు నిలిచిపోయాయి. నిర్మాణం ఒక్కసారితో ముగిసినా సంరక్షణ నిత్యకృత్యమని ఆ సంఘటన చాటింది.

విద్యార్థి మిత్రులారా! ఈ వంతెనలకు రాయి మోసినవారి పేర్లు ఏ స్తంభంపైనా మనకు కనిపించవు. ఖనిజంకోసం వేసిన దారిలో నేడు మనం విహారయాత్రకు వెళుతున్నాము. కిటికీనుండి లోయను చూసేటప్పుడు ఆ శ్రమజీవులను, నేటికీ పట్టాలవెంట నడుస్తూ మార్గాన్ని కాపాడే కార్మికులను ఒక్కసారి స్మరించడం మన కనీస ధర్మం.