చికిత్స సమయంలో పిల్లల నొప్పికి వర్చువల్ రియాలిటీ

వర్చువల్ రియాలిటీ (వీఆర్): కంప్యూటర్ సృష్టించిన త్రిమితీయ ప్రపంచంలో ఉన్న అనుభూతినిచ్చే సాంకేతికత. తలకు ధరించే డిస్‌ప్లేకు ఆద్యుడు ఇవాన్ సదర్లాండ్ (1968).

తప్పక గుర్తుంచుకోవాల్సింది: స్నోవరల్డ్. కాలిన గాయాల రోగుల కోసం రూపొందించిన తొలి వీఆర్ ప్రపంచం ఇదే. రూపకర్తలు అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్. ఈ విశ్వవిద్యాలయం ఉన్న నగరం సియాటిల్; రాజధాని వాషింగ్టన్ డీసీ అని పొరబడవద్దు. కట్టు మార్చేటప్పుడు రోగి మంచు లోయలో విహరిస్తూ మంచు ముద్దలు విసురుతాడు.

పనిచేసే తీరు: నొప్పి తెలియాలంటే మెదడు దానిపై శ్రద్ధ పెట్టాలి. ఆ శ్రద్ధను వీఆర్ మళ్లిస్తుంది. అనుబంధ ప్రశ్న: నొప్పికి సంబంధించిన గేట్ కంట్రోల్ సిద్ధాంతం ఎవరిది? మెల్జాక్, వాల్ (1965).

ఉపయోగాలు: సూది గుచ్చడం, రక్త నమూనా సేకరణ, దంత చికిత్స, శస్త్రచికిత్సకు ముందు భయం.

పరిమితి: తల తిరగడం, వికారం; దీన్నే సైబర్‌సిక్‌నెస్ అంటారు. మూర్ఛ ఉన్న పిల్లల విషయంలో జాగ్రత్త అవసరం.

ఆధారాలు: వైద్య పరిశోధనలను మదింపు చేసే కాక్రేన్ సంస్థ 2020 సమీక్ష, పిల్లల నొప్పికి వీఆర్ వాడకంపై 17 ప్రయోగాలను, 4–18 ఏళ్ల 1,008 మందిని పరిశీలించింది. ఆధారాల నాణ్యత తక్కువని తేల్చింది. కాబట్టి ‘వీఆర్ నొప్పి మందులకు పూర్తి ప్రత్యామ్నాయం’ అనే వాక్యం పరీక్షలో వస్తే అది తప్పు అని గుర్తించండి.

పాలిటీతో లంకె: ఐరాస బాలల హక్కుల ఒడంబడిక (1989) 24వ అధికరణ ఆరోగ్యం, 31వది ఆటలు; పిల్లల వీఆర్ చికిత్స ఈ రెండింటికీ సంబంధించినదే. భారత్ ఆమోదం: 1992 డిసెంబరు 11. ఈ తేదీని పరీక్షల్లో అడగవచ్చు.