కీర్తికి, క్రాస్‌టాక్ లెక్క గురించి



నీ లేఅవుట్ చూశాను. 16 డేటా లైన్లు ఒకదాన్నొకటి ఆనుకున్నట్టు 12 సెంటీమీటర్లు నడిచాయి. సిమ్యులేటర్ లైసెన్సు వచ్చాక క్రాస్‌టాక్ చూస్తానన్నావు. అందాకా ఆగకు తల్లీ. అత్యధికంగా ఎంత రావచ్చో కాగితం మీదే తేల్చుకోవచ్చు.

హోవార్డ్ జాన్సన్, మార్టిన్ గ్రాహం 1993లో తెచ్చిన ‘హై స్పీడ్ డిజిటల్ డిజైన్’లో ఇందుకో చిన్న సూత్రం ఉంది. రెండు ట్రేస్‌ల కేంద్రాల మధ్య దూరాన్ని గ్రౌండ్ ప్లేన్ నుంచి వాటి ఎత్తుతో భాగించు. వచ్చినదాన్ని వర్గం చేసి, ఒకటి కలుపు. పక్క లైన్ స్వింగ్‌లో అన్నో వంతు నీ లైన్లోకి రావచ్చు. ఇది పై హద్దు. నిజంగా వచ్చేది ఇంతకన్నా తక్కువే.

నీ బోర్డులో దూరం 0.6 మి.మీ., ఎత్తు 0.2. మూడు రెట్లు, అంటే పదో వంతు. 3.3 వోల్టుల స్వింగ్‌కి 330 మిల్లీవోల్టులు. రెండు పక్కలా లైన్లున్నాయి కనుక 660. వాటి అవతలి జత ఒక్కోటి 37వ వంతు ఇస్తుంది, మొత్తం 840 దాకా పోతుంది. ఎల్‌వీటీటీఎల్‌లో నీకున్న మార్జిన్ 400. అన్నీ ఒకేసారి మారవులే అని సరిపెట్టుకోకు. డేటా బస్సులో బిట్లన్నీ సున్నా నుంచి ఒకటికి మారడం రోజూ జరిగేదే.

ఇక్కడ చాలామంది ట్రేస్‌లను దూరం జరుపుతారు. నేనైతే ముందు ప్లేన్‌ని దగ్గరికి తెస్తాను. ఎత్తు 0.1 చేసి, 50 ఓమ్‌లు చెదరకుండా ట్రేస్ వెడల్పు సగానికి తగ్గించు. లైన్లు ఉన్నచోటే ఉంటాయి, మొత్తం నాయిస్ 225కి దిగుతుంది.

పొడవు 12 నుంచి 10కి తగ్గిస్తే లాభమేమైనా ఉంటుందా అని అడిగావు. ఉండదు. రైజ్ టైమ్ ఒక నానోసెకండు అయితే డ్రైవర్ వైపు వెనక్కి వచ్చే నాయిస్ 8 సెంటీమీటర్ల దగ్గరే గరిష్ఠానికి చేరుతుంది. ఆపైన దాని పరిమాణం పెరగదు, ఎక్కువసేపు ఉంటుందంతే. వెనక్కే కదా పోయేది అని వదిలేయకు; డ్రైవర్ ఇంపెడెన్స్ తక్కువైతే అక్కడ తిరగబడి రిసీవర్‌కే చేరుతుంది. ముందుకు పోయే నాయిస్ సంగతి వేరు. బయటి పొరల మీద అది పొడవుతోపాటు పెరుగుతుంది. రెండు ప్లేన్‌ల నడుమ లోపలి పొరలో దాదాపు ఉండదు. రైజ్ టైమ్ మాత్రం ఐబిస్ మోడల్‌లోని అతివేగపు కార్నర్ నుంచే తీసుకో, టిపికల్ విలువ ఇక్కడ పనికిరాదు.

ఇంత లెక్కా వేశాక ఒక ప్రశ్న వేసుకో: ఆ నాయిస్ వచ్చిన వేళకి ఆ లైన్‌ని ఎవరైనా చదువుతున్నారా? డేటా లైన్లు క్లాక్ ఎడ్జ్ వచ్చేలోపు సర్దుకుంటే కొంత నాయిస్ ఓర్చుకోవచ్చు. క్లాక్‌కి, రీసెట్‌కి ఆ వెసులుబాటు లేదు, ఏ క్షణాన దెబ్బ తగిలినా చిప్ దాన్ని నమ్మేస్తుంది. నువ్వు రీసెట్‌ని సరిగ్గా బస్సు నడుమ నుంచే తీసుకెళ్లావు. బోర్డులో మిగిలిన చోటంతా ముందు ఆ రెండింటికి ఇవ్వు, డేటా లైన్ల మధ్య సమానంగా పంచకు.

కనెక్టర్ దగ్గర గ్రౌండ్ ప్లేన్‌లో పొడవాటి చీలిక కనిపించింది. దాన్ని మూసేయి. దాని మీదుగా దాటే లైన్లకు నేను రాసిన లెక్కేదీ వర్తించదు. మార్చిన స్టాకప్ పంపు, చూస్తాను.

అత్తయ్య