బాలానగర్ నుంచి వచ్చిన ఉత్తరం

విజయవాడలో ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న మిల్లింగ్ మెషిన్ పెట్టుకున్న కుర్రాడికి మొదటి వారంలోనే 10 మి.మీ. కార్బైడ్ ఎండ్ మిల్ కట్టర్ పుటుక్కున విరిగింది. ఫోనులో ఆ సంగతి విన్న పెదనాన్న కోప్పడలేదు. బాలానగర్ టూల్ రూముల్లో ముప్పై ఏళ్లు పనిచేసిన ఆ పెద్దాయన కూర్చుని నాలుగు పేజీల ఉత్తరం రాశాడు.

మొదటి ప్రశ్నే సూటిగా ఉంది: "కట్టర్‌ని దేంతో పట్టావురా?"

పట్టింది డ్రిల్ చక్‌తో. అది నిలువుగా నొక్కే పని కోసం చేసింది. పక్క నుంచి తోపు పడితే దవడల పట్టు సడలుతుంది, టేపర్ నుంచి చక్కే ఊడి రావచ్చు. అందుకే కట్టర్ల కంటే ముందు, కట్టర్‌ను చుట్టూ సమంగా బిగించి పట్టే ఈఆర్ కాలెట్ చక్ కొనమన్నాడు. కట్టర్ బయటికి తక్కువ పొడవుండేలా బిగించమన్నాడు. ఆ పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లవుతుంది మరి.

కార్బైడ్ గట్టిదే, వేడికి ఓర్చుకుంటుంది, కానీ పెళుసు. టన్నుల బరువున్న ఫ్యాక్టరీ మెషిన్ మీద దానికి తిరుగులేదు. బల్లమీద వణికే చిన్న మెషిన్ మీద మాత్రం అంచు పెచ్చులూడుతుంది. హైస్పీడ్ స్టీల్ ఆ వణుకును కొంత తట్టుకుంటుంది, ధరా తక్కువే, మొద్దుబారితే సాన పట్టించుకోవచ్చు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఫ్రెడరిక్ టేలర్, మాన్సెల్ వైట్‌ల హైస్పీడ్ స్టీల్ పనిముట్టు ఎర్రగా కాలుతూనే ఉక్కును కోసి చూపించింది. ఆ జాతి ఉక్కు ఇంటి షెడ్డుకు ధారాళంగా సరిపోతుందని పెద్దాయన గట్టి నమ్మకం.

లెక్క కూడా వేసి చూపించాడు. మైల్డ్ స్టీల్ మీద హైస్పీడ్ స్టీల్ అంచు నిమిషానికి సుమారు 25 మీటర్ల వేగంతో కోయాలి. 10 మి.మీ. కట్టర్‌కు అది 800 ఆర్‌పీఎం. నాలుగు పళ్లుంటే, పంటికి 0.05 మి.మీ. చొప్పున టేబుల్ నిమిషానికి 160 మి.మీ. జరగాలి. కొత్తవాళ్లు భయపడి మరీ మెల్లగా జరుపుతారు. అప్పుడు పన్ను కోయదు, రుద్దుతుంది. ఆ రాపిడికే మొద్దుబారుతుంది.

అల్యూమినియానికి రెండు ఫ్లూట్ల (పళ్ల మధ్య గాడుల) కట్టర్లే తీసుకోమన్నాడు, చిప్స్ (కోసిన లోహపు తునకలు) బయటపడడానికి చోటుంటుంది. ఆ లోహం అంచుకు అంటుకుపోతుంది కాబట్టి బ్రష్‌తో కాస్త కిరోసిన్ రాస్తుండాలి. టైటానియం అల్యూమినియం నైట్రైడ్ పూతవి వద్దు, అంటుకోవడం ఇంకా ఎక్కువవుతుంది.

ఉత్తరం మడతలో రెండు కాగితం పొట్లాలు కూడా ఉన్నాయి. ఒకదానిలో వెండిలా మెరుస్తూ వంకీ తిరిగిన స్టీల్ చిప్స్. రెండోదానిలో నీలంగా మాడినవి. "హైస్పీడ్ స్టీల్‌తో కోస్తుంటే రెండో రంగు కనిపించగానే స్పీడు తగ్గించు" అని పొట్లం మీద పెన్నుతో రాసి ఉంది.

ఇరవై కట్టర్ల సెట్టు పెట్టె మాత్రం కొనొద్దన్నాడు. 6, 10 మి.మీ.లలో రెండు ఫ్లూట్లవి, 10 మి.మీ.లో నాలుగు ఫ్లూట్లది ఒకటి, ఈ మూడూ మంచి కంపెనీవి ఉంటే చాలు. చివరి వాక్యం కింద రెండు గీతలు గీశాడు: "తిరిగే కట్టర్ దగ్గర చేతికి గ్లవ్స్ వేసుకోకు, కళ్లద్దాలు తీయకు."